సగటుకు అందని తోకలు

2015–16 వ్యవసాయ గణన ప్రకారం మన దేశంలో సగటు సాగు కమతం 1.08 హెక్టార్లు. మన లెక్కలో చెప్పుకుంటే రెండెకరాల అరవై ఏడు సెంట్లు. ఈ ఒక్క అంకే విన్నవాళ్లు, ఏ ఊళ్లో ఏ రైతును కదిపినా రెండున్నర ఎకరాలకు తగ్గదని అనుకుంటారు. అదే గణనలో ఇంకో అంకె ఉంది: కమతాల్లో నూటికి 68కి పైగా ఒక హెక్టారుకు లోపువే. మరో మెట్టు పైకెళ్తే, నూటికి 86 కమతాలు రెండు హెక్టార్ల లోపువి. వాటన్నిటి కింద ఉన్న నేల మాత్రం మొత్తంలో 47 శాతమే. సగటు తప్పు చెప్పలేదు. కొద్దిపాటి పెద్ద కమతాలు దాన్ని పైకి లాగాయి.

చిన్న లెక్కతో చూద్దాం. ఒక ఊళ్లో ఐదుగురు రైతులు. వాళ్లకున్న ఎకరాలు వరసగా 1, 2, 2, 3, 12. సగటు నాలుగు ఎకరాలు. ఆ ఐదుగురిలో నాలుగెకరాల ఆసామి ఒక్కడూ లేడు. వరసలో నడిమి విలువ, అంటే మధ్యగతం, రెండు. ఎక్కువసార్లు వచ్చిన విలువ, బాహుళకం, అదీ రెండే. సగటు కావడిబద్ద మీద భుజం ఆనే చోటు లాంటిది. ఒక కొసన బరువు పెరిగితే భుజం అటు జరగాల్సిందే, రెండో కొసన ఎన్ని చిన్న కుండలున్నా సరే.

సగటు చాలదంటే వెంటనే క్రమవిచలనం ముందుకొస్తుంది. విలువలు సగటు నుంచి ఎంత దూరం చెదిరి ఉన్నాయో అది చెబుతుంది. మన ఊళ్లో అది సుమారు 4.05 ఎకరాలు. ఇప్పుడు పక్క ఊరికి వెళ్దాం. అక్కడి ఐదుగురికి 12, 11, 11, 10, 1 ఎకరాలున్నాయి. సగటు తొమ్మిది. క్రమవిచలనం మళ్లీ అదే 4.05. మొదటి ఊళ్లో నలుగురు చిన్న రైతుల మధ్య ఒక భూస్వామి. రెండో ఊళ్లో నలుగురు మోతుబరుల మధ్య ఒక ఎకరం రైతు. ఈ రెండు ఊళ్లకూ క్రమవిచలనం ఒకటే మార్కు వేసింది. దాన్ని తప్పుపట్టి లాభం లేదు. తేడాలను వర్గం చేసేటప్పుడే ప్లస్సు, మైనస్సు గుర్తులు చెరిగిపోతాయి. ఎంత దూరమో మిగులుతుంది, ఎటువైపో పోతుంది.

గుర్తు నిలవాలంటే వర్గం బదులు ఘనం చేయాలి. మొదటి ఊళ్లో సగటు నుంచి తేడాలు −3, −2, −2, −1, 8. వాటి ఘనాలు −27, −8, −8, −1, 512. నలుగురు చిన్న రైతులూ కలిసి ఎడమవైపు 44 లాగితే, ఒక్క ఆసామి కుడివైపు 512 లాగాడు. మిగిలింది 468. దాన్ని ఐదుతో భాగించి, వచ్చినదాన్ని క్రమవిచలనం ఘనంతో భాగిస్తే సుమారు 1.41. ఇదే స్క్యూనెస్, అంటే అంకెల గుంపు ఎటు సాగిందో చెప్పే కొలత. రెండో ఊరికి అదే అంకె మైనస్ గుర్తుతో వస్తుంది. ఎకరాల్లో కొలిచినా హెక్టార్లలో కొలిచినా ఇది మారదు. క్రమవిచలనంతో భాగించినప్పుడే ప్రమాణాలు కొట్టుకుపోయాయి.

ఇక్కడ విద్యార్థులు తరచూ తికమకపడే సంగతి ఒకటుంది. గుంపు ఎడమవైపు పేరుకుని కొస కుడివైపు సాగితే దాన్ని కుడి స్క్యూ, లేదా ధన స్క్యూ అంటారు. పేరు తోకది. గుంపు ఎటుందో చూసి పేరు పెట్టబోతే ప్రతిసారీ తలకిందులవుతుంది.

ఈ కొలతల వెనక ఉన్నవి పీతలు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే వెల్డన్ 1890ల మొదట్లో ఇటలీలోని నేపుల్స్ తీరం నుంచి వెయ్యి ఆడ పీతలను తెప్పించి ఒక్కోదాని డిప్ప మీద పలు కొలతలు తీశాడు. అప్పటికి జీవుల కొలతలన్నీ గంట ఆకారంలోని నార్మల్ వక్రంలోనే ఒదుగుతాయన్న నమ్మకం బలంగా ఉంది. బెల్జియం గణకుడు కెట్లే స్కాట్లాండు సైనికుల ఛాతీ కొలతల్లో ఆ గంటను చూపించి దాదాపు యాభై ఏళ్లయింది. ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు గాల్టన్ ఆ గంటకు పెద్ద భక్తుడు. వెల్డన్ పీతలూ దాదాపు అన్ని కొలతల్లోనూ బుద్ధిగా గంటలో ఒదిగాయి. ఒక్కటి మాత్రం ఒదగలేదు. శరీరం పొడవుతో పోల్చిన నుదుటి వెడల్పు. ఆ గీత ఒకవైపు వాలింది.

ఇంకొకరైతే కొలతలో పొరపాటని పక్కన పెట్టేవారేమో. వెల్డన్ దాన్ని తీసుకెళ్లి అదే కాలేజీలో గణితం చెప్పే కార్ల్ పియర్సన్ ముందు పెట్టాడు. ఈ పీతల్లో రెండు రకాలు కలిసిపోయాయా అన్నది ప్రశ్న. అంటే, వాలిన ఆ ఒక్క గీత నిజానికి రెండు గంటలు ఒకదాని మీద ఒకటి పడటం వల్ల వచ్చిందా? 1894లో అచ్చయిన వ్యాసంలో పియర్సన్ దీన్ని పరిష్కరించిన తీరు ఇప్పుడు చూసినా కళ్లు తిరుగుతాయి. తేడాల వర్గాల సగటు, ఘనాల సగటు, నాలుగో ఘాతం, ఐదో ఘాతం ఇలా వరసగా లెక్కించి, యంత్రశాస్త్రం నుంచి తెచ్చిన ‘మొమెంటు’ అనే పేరు వాటికి పెట్టాడు. ఆ మొమెంట్లు సరిపోయేలా రెండు గంటలను విడదీయాలంటే తొమ్మిదో ఘాతపు బహుపద సమీకరణాన్ని సాధించాలి. కంప్యూటరు లేదు. చేత్తోనే సాధించాడు.

మరుసటి ఏడాది, 1895లో, ఇంకో అడుగు వేశాడు. రెండు రకాలు కలవకపోయినా, ఒకే జాతి సరుకులో కూడా గీత వాలవచ్చని చూపించాడు. బరోమీటరు రీడింగులు, బటర్‌కప్ పూల రేకుల సంఖ్య, ఇళ్ల విలువలు, ఇలా ఎక్కడెక్కడి లెక్కలో తెచ్చి, ఒక్కోదానికి తగిన వాలు వక్రాన్ని అమర్చాడు. మనం బళ్లో బాహుళకం అని చదువుకునే ‘మోడ్’కు ఆ పేరు అచ్చులో స్థిరపడింది ఆ వ్యాసంతోనే. లోకమంతా గంట ఆకారమే అనే మతానికి పెద్ద దెబ్బ తగిలింది అక్కడే అని నా అభిప్రాయం. ఆ తర్వాత ‘అసాధారణం’ అనడానికి ముందు ఏ వక్రంతో పోల్చి అంటున్నామో చెప్పాల్సి వచ్చింది.

వెల్డన్, పియర్సన్, గాల్టన్ కలిసి 1901లో ‘బయోమెట్రికా’ పత్రిక మొదలుపెట్టారు. కేంబ్రిడ్జిలో భౌతికశాస్త్రం చదివిన మహలనోబిస్ 1915లో ఇంటికి తిరిగొస్తూ ఆ పత్రిక సంపుటాలు కొని వెంట తెచ్చుకున్నాడు. కలకత్తాలో 1931లో పుట్టిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వెనక ఆ సంపుటాల చదువు ఉంది. మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. చేసిన సి.ఆర్. రావు 1941లో అక్కడే చేరాడు. ఆ తర్వాత కేంబ్రిడ్జి వెళ్లి, సూడాన్‌లో తవ్వితీసిన ప్రాచీన అస్థిపంజరాల కొలతలను విశ్లేషించాడు. పీత నుదుళ్ల నుంచి మనిషి పుర్రెల దాకా పద్ధతి ఒకటే: ముందు ఓపిగ్గా కొలువు, ఆ తర్వాత గుంపు ఆకారం చూడు.

ఆకారం తెలియడం ఒక మనిషికి ఎలా అక్కరకొస్తుందో చెప్పడానికి స్టీఫెన్ జే గూల్డ్‌ను మించిన ఉదాహరణ నాకు దొరకలేదు. హార్వర్డ్‌లో పరిణామ జీవశాస్త్రవేత్త. 1982 జులైలో, నలభై ఏళ్ల వయసులో, ఆయనకు పొత్తికడుపు మీసోథీలియోమా అనే అరుదైన క్యాన్సరు ఉన్నట్టు తేలింది. లైబ్రరీకి వెళ్లి చూస్తే, రోగం బయటపడ్డాక బతికే కాలానికి మధ్యగతం ఎనిమిది నెలలని ఉంది. చాలామంది దీన్ని ‘ఎనిమిది నెలల్లో పోతాను’ అని చదువుకుంటారు. గూల్డ్ వేరే రకంగా చదివాడు. సగంమంది ఎనిమిది నెలల లోపు పోతారు, నిజమే. ఆ సగం సున్నాకూ ఎనిమిదికీ మధ్య ఇరుక్కుని ఉండక తప్పదు, ఎందుకంటే సున్నాకు ఎడమవైపు చోటు లేదు. మిగతా సగానికి కుడివైపు గోడే లేదు. కాబట్టి గీతకు కుడివైపు పొడుగు తోక ఉండి తీరాలి. తన వయసు, రోగాన్ని ముందుగా పట్టుకోవడం, అందిన వైద్యం, ఇవన్నీ తను ఆ తోకలో ఉండే అవకాశాన్ని పెంచుతాయని లెక్కేసుకున్నాడు. 1985లో దీని మీద వ్యాసం రాశాడు. 2002 దాకా బతికాడు. చివరికి పోయింది కూడా వేరే క్యాన్సరుతో. స్క్యూనెస్ ఆయన్ని బతికించిందని ఎవరూ అనరు. ఆ ఇరవై ఏళ్లకు ముందు, ఆ లైబ్రరీలో, అనవసరంగా కుంగిపోకుండా మాత్రం ఆపింది.

ఎడమన గోడ, కుడిన ఖాళీ. ఆదాయాలు, ఇళ్ల ధరలు, ఆసుపత్రి బిల్లులు, టోకెన్ తీసుకుని కూర్చునే సమయం, అన్నీ ఇలాగే సున్నా దగ్గర గోడకు ఆనుకుని కుడివైపు సాగుతాయి. తేలికైన పరీక్షలో మార్కులు మాత్రం నూటి దగ్గర గోడకు కొట్టుకుని ఎడమవైపు తోక వేస్తాయి. కుడి స్క్యూ ఉంటే బాహుళకం, మధ్యగతం, సగటు ఈ వరసలోనే పెరుగుతాయని పుస్తకాలు చెప్పే సూత్రం చాలాసార్లు నిజమే, కానీ ప్రతిసారీ కాదు. అలాగే స్క్యూనెస్ సున్నా వస్తే రెండు పక్కలూ సరిసమానమనుకోవడమూ పొరపాటే. −2ను నాలుగుసార్లు, 1ని ఐదుసార్లు, 3ను ఒకసారి రాసి లెక్కించండి. సగటు సున్నా, ఘనాల మొత్తమూ సున్నా. అయినా రెండు పక్కలకూ పోలిక లేదు.

ఘనం అయింది, ఇక నాలుగో ఘాతం. తేడాలను నాలుగో ఘాతానికి ఎత్తి, సగటు తీసి, క్రమవిచలనం నాలుగో ఘాతంతో భాగిస్తే వచ్చేది కర్టోసిస్. నార్మల్ వక్రానికి ఇది 3. అందుకే కొందరు మూడు తీసేసి చెబుతారు. ఎక్సెల్‌లోని కర్ట్ ఫంక్షన్ కూడా మూడు తీసేసే ఇస్తుంది. ఈ సంగతి తెలియక రెండు చోట్ల లెక్కలు పోల్చి జుట్టు పీక్కున్నవాళ్లు చాలామందే ఉంటారు. బొమ్మా బొరుసూ లాగా రెండే విలువలు సమానంగా ఉంటే కర్టోసిస్ 1, అంతకన్నా కిందికి అది దిగదు. అన్ని విలువలకూ సమాన అవకాశముంటే 1.8. ఎక్స్‌పొనెన్షియల్ వక్రానికి 9.

ఈ పేరు పెట్టినవాడూ పియర్సనే, 1905లో. దీన్ని ఆయన శిఖరం సంగతిగా, అంటే గీత నెత్తి చదునుగా ఉందా మొనదేలి ఉందా అని చెప్పే కొలతగా వివరించాడు. పాఠ్యపుస్తకాలు నూరేళ్ల పైబడి అదే అప్పజెప్పాయి. మన డిగ్రీ పుస్తకాల్లో కూడా మూడు గంటలు గీసి, ఎత్తుగా ఉన్నదానికి కర్టోసిస్ ఎక్కువని రాసి ఉంటుంది. అది తప్పు. ఎందుకు తప్పో తేల్చడానికి పెద్ద గణితమేమీ అక్కర్లేదు. సగటు నుంచి అర క్రమవిచలనం దూరంలో ఉన్న విలువ నాలుగో ఘాతంలో 0.06 అవుతుంది. ఒక క్రమవిచలనం దూరంలోది 1. మూడు దూరంలోది 81. ఐదు దూరంలోది 625. నార్మల్ వక్రంలో నూటికి 68 విలువలు సగటుకు ఒక క్రమవిచలనం లోపే ఉంటాయి. శిఖరమంటే అదే కదా. మొత్తం కర్టోసిస్ 3లో ఆ 68 మంది కలిసి ఇచ్చేది 0.11. రెండు క్రమవిచలనాలు దాటి ఉండేవాళ్లు నూటికి ఐదుగురు కూడా లేరు, వాళ్లిచ్చేది 1.65. సగానికి పైన! శిఖరాన్ని చెక్కినా సానపట్టినా ఈ అంకె పెద్దగా కదలదు. కర్టోసిస్ కొలిచేది తోకల బరువును.

1945లో కాప్లాన్‌స్కీ అనే గణితజ్ఞుడు చిన్న వ్యాసంలో, శిఖరం ఎత్తు ఒకటి చెబితే కర్టోసిస్ ఇంకోటి చెప్పే ఉదాహరణలు ఇచ్చి ఈ పొరపాటును ఎత్తిచూపాడు. ఎవరూ పట్టించుకోలేదు. 2014లో పీటర్ వెస్ట్‌ఫాల్ అనే గణాంక శాస్త్రవేత్త, కర్టోసిస్ అంటే శిఖరమన్న భావనకు ఏకంగా సమాధి ఫలకం చెక్కినట్టు, 1905–2014 అని శీర్షికలోనే పెట్టి వ్యాసం రాశాడు. పరిశోధన పత్రికల్లో అంత హాస్యం అరుదు. నాకు ముచ్చటేసేది ఇంకొకటి. డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు కంపెనీలో పనిచేస్తూ ‘స్టూడెంట్’ అనే మారుపేరుతో రాసిన గాసెట్, 1927లోనే ఈ రకాలు గుర్తుండటానికి రెండు జంతువుల బొమ్మలు గీశాడు. తక్కువ కర్టోసిస్‌కు పొట్టి తోక ప్లాటిపస్, ఎక్కువ కర్టోసిస్‌కు పొడుగు తోక కంగారూ. బీరు కంపెనీ ఉద్యోగి చూపు తోకల మీదికీ వెళ్లింది. ప్రొఫెసర్లు నెత్తి చూస్తూ ఉండిపోయారు.

తోకలను చూడకపోతే ఏమవుతుందో డబ్బు లెక్కల్లో బాగా తెలుస్తుంది. రోజువారీ షేరు ధరల మార్పులు నార్మల్ వక్రంలో ఒదిగితే, ఐదు క్రమవిచలనాలకు మించిన పతనం సుమారు 35 లక్షల రోజుల్లో ఒకసారి రావాలి. ఏడాదికి 250 ట్రేడింగు రోజులనుకుంటే 14 వేల ఏళ్లకు ఒకసారి. 1987 అక్టోబరు 19న అమెరికా డౌ జోన్స్ సూచీ ఒక్కరోజులో 22.6 శాతం కూలింది. మామూలు రోజుల్లో ఆ సూచీ ఊగేది సుమారు ఒక శాతం. నార్మల్ వక్రాన్ని నమ్మితే అలాంటి రోజు విశ్వం పుట్టిన దగ్గర్నుంచి ఒక్కసారైనా రాకూడదు. 1963లోనే గణితజ్ఞుడు మాండెల్‌బ్రాట్ పత్తి ధరల మీద ఇదే చెప్పాడు: పెద్ద ఊపులు గంట అనుమతించిన దానికన్నా చాలా ఎక్కువ. అయినా 2007 ఆగస్టులో గోల్డ్‌మన్ శాక్స్ ఆర్థిక వ్యవహారాల అధిపతి డేవిడ్ వినియర్, 25 క్రమవిచలనాల కదలికలు వరసగా కొన్ని రోజులు చూశామని పత్రికలకు చెప్పాడు. అది దురదృష్టం గురించిన మాటలా వినిపిస్తుంది. నిజానికి ఆ మాటకు అర్థం, ఎంచుకున్న వక్రం తప్పని.

వానల్లోనూ అంతే. 2005 జులైలో ముంబయి శాంతాక్రజ్‌లో 24 గంటల్లో 944 మిల్లీమీటర్ల వాన పడింది. అక్కడ ఏడాది పొడవునా పడే వానలో మూడో వంతుకు మించినది ఒక్క రోజులో. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాదును ముంచాక ఇంజినీరు విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆ తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లు సగటు వానను దృష్టిలో పెట్టుకుని కడితే చాలేవి కావు. వరద గేటు కొలత నిర్ణయించే ఇంజినీరుకు కావాల్సింది తోక చివర.

అయితే తోకను కొలిచే ఈ పరికరానికి ఒక బలహీనత ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. సగటు సున్నా, క్రమవిచలనం ఒకటిగా బుద్ధిగా నార్మల్ వక్రంలో నడిచిన వెయ్యి రోజులు తీసుకోండి. కర్టోసిస్ 3. ఇప్పుడు 20 క్రమవిచలనాల పతనమున్న ఒక్క రోజును చేర్చండి. కర్టోసిస్ 80 దాటుతుంది. స్క్యూనెస్ సున్నా నుంచి −4.8కి పడిపోతుంది. వెయ్యి రోజుల మాట ఒక్క రోజు ముందు చెల్లదు. ఆ రోజు మీ డేటాలో ఉందా లేదా అన్నదాన్ని బట్టి రెండు వేర్వేరు లోకాలు కనిపిస్తాయి. చిన్న నమూనా మీద కర్టోసిస్ లెక్కించి మూడు దశాంశ స్థానాల దాకా రాసే నివేదికలను నేను నమ్మను.

దీనికి విరుగుడుగా బౌలీ అనే ఆంగ్ల గణకుడు చతుర్థకాలతో, అంటే వరసను నాలుగు సమభాగాలుగా కోసే విలువలతో, ఒక స్క్యూ కొలత తయారుచేశాడు. మధ్యగతానికి పై చతుర్థకం ఎంత దూరం, కింది చతుర్థకం ఎంత దూరం అని మాత్రమే అది చూస్తుంది. మన మొదటి ఊళ్లో 12 ఎకరాల ఆసామికి 120 ఎకరాలున్నా బౌలీ కొలత చలించదు. గట్టి కొలతే, కానీ మనం వెతుకుతున్న భూస్వామినే అది చూడటం మానేసింది. ఈ రెంటికీ నడుమ దారిగా 1990లో గణాంక శాస్త్రవేత్త హాస్కింగ్ ‘ఎల్-మొమెంట్లు’ తెచ్చాడు. విలువలను ఘాతాలకు ఎత్తకుండా, చిన్నది నుంచి పెద్దదాకా వరసలో పేర్చి ఆ వరసతోనే ఆకారం కొలుస్తాయి. వరదలు లెక్కించేవాళ్లు వీటిని ఇష్టంగా వాడుతున్నారు.

ఇంత చేసినా కొన్ని ఆకారాలు ఏ మొమెంటుకూ చిక్కవు. 1973లో గణాంక శాస్త్రవేత్త ఆన్స్‌కోంబ్ నాలుగు చిన్న డేటా పట్టికలు ఇచ్చాడు. సగటు, క్రమవిచలనం, సహసంబంధం నాలుగింటికీ దాదాపు ఒకటే. గీసి చూస్తే ఒకదానికొకటి పోలికే లేదు. జనాభా లెక్కల్లో వయసులదీ అదే తంతు. ఎన్యూమరేటరు వచ్చి వయసు అడిగితే, ‘ఓ నలభై ఉంటాయి రాసుకో బాబూ’ అంటారు పెద్దవాళ్లు. పుట్టిన తేదీ కాగితం లేనిచోట 39లు, 41లు అన్నీ 40లోకి ఒరుగుతాయి. మన జనగణన పట్టికలను ఒక్కో ఏడాదికి ఒక్కో కడ్డీగా గీస్తే 0, 5తో ముగిసే వయసుల దగ్గర మొనలు లేస్తాయి, పక్కన గుంటలు పడతాయి. సగటు వయసు పెద్దగా మారదు. స్క్యూనెస్, కర్టోసిస్ కూడా దాదాపు అలాగే ఉంటాయి. పైకి పోయింది కిందికి వచ్చి సర్దుకుంటుంది మరి.

దీనికోసం విడిగా ఒక కొలత ఉంది. తయారుచేసిన జార్జ్ విపుల్ జనాభా శాస్త్రజ్ఞుడు కూడా కాదు, అమెరికాలో పారిశుధ్య ఇంజినీరు. 23 నుంచి 62 ఏళ్ల మధ్యవాళ్లను తీసుకుని, వారిలో 0, 5తో ముగిసే వయసు చెప్పినవాళ్లెందరో చూస్తాడు. ఐదో వంతు మందైతే 100. అందరూ అవే చెబితే 500. పిల్లల వయసులు తల్లికి బాగానే గుర్తుంటాయి, ముసలివాళ్లవి వేరే రకంగా తప్పుతాయి కాబట్టి ఆ రెండు కొసలూ వదిలేశాడు. 23తో మొదలుపెట్టి 62తో ఆపడానికీ కారణం ఉంది. అప్పుడు 25, 30, 35 ఇలా 60 దాకా ప్రతి మొనా దాని ఐదేళ్ల గుంపులో సరిగ్గా మధ్యన పడుతుంది.